తొమ్మిది ఓట్ల పాఠము

"నా ఒక్క ఓటుతో నేమగును?" అని రైతు సోదరులు పలువురు మాతో ననుచుందురు. 1989లో మన అనకాపల్లి లోక్‌సభ స్థానమున కొణతాల రామకృష్ణగారు గెలిచినది కేవలము 9 ఓట్ల ఆధిక్యముతోనే. ఒక్క బెల్లపు గానుగకడ పనిచేయువారైనను అంతమంది యుందురు.

అదే స్థానమును 2014లో తెలుగుదేశము, 2019లో వై.యస్.ఆర్. కాంగ్రెసు, 2024లో భారతీయ జనతా పార్టీ గెలుచుకొనినవి. ఈ సీమ ఏ పక్షమునకును శాశ్వతపు సొత్తు కాదు. అదియే మన బలము. కులము జూచియో, నోటు జూచియో ఓటు వేసినచో ఆ బలము వ్యర్థమగును.

ఎఱ్ఱకుళ్ళు లేని ముచ్చెను ఏరి నాటెడి రైతు అభ్యర్థిని మాత్ర మేల యేరుకొనరాదు? చెరకు ధర, కాలువ నీరు గూర్చి ముందే యడుగుడు. సమాధానము విని ఓటు వేయుడు. మన సంఘమున వాటాలెన్ని యున్నను సభ్యునికి ఓటొక్కటే. ఆ సమత్వమును ఎన్నికలనాడు అమ్ముకొనకుడని మా మనవి.