వెన్నెముక శస్త్రచికిత్స: భయపడవలసింది కత్తికి కాదు, ఆలస్యానికి

"డాక్టరు గారూ, వెన్నెముకకు ఆపరేషన్ చేయిస్తే కాళ్లు పడిపోతాయట, నిజమేనా?" యూసుఫ్‌గూడలో ఉదయపు నడకలో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఏ శస్త్రచికిత్సలోనైనా కొంత ప్రమాదం ఉంటుంది. కానీ వెన్నుపాము నలుగుతున్నప్పుడు అంతకంటే పెద్ద ప్రమాదం ఆలస్యమే.

ఈ సత్యాన్ని నాకు నల్గొండ జిల్లా నేర్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మెడ తిరగని, నడుము వంగని ఒక రైతుకు కీళ్లవాతమని మందులు రాసి పంపాను. ఏడాది తరువాత ఆయనను మంచంపై మోసుకొచ్చారు. అది ఫ్లోరోసిస్. నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను మందంగా చేస్తుంది, వెన్నుపూసలను కలిపే స్నాయువులను సైతం గట్టిపరచి ఎముకగా మారుస్తుంది. లోపలి మార్గం ఇరుకై వెన్నుపాము నలిగిపోతుంది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ వ్యాధిని వైద్యులు 1937లోనే వర్ణించారు. నేను చదివి కూడా గుర్తించలేకపోయాను.

మనకు దగ్గరలోని పంజగుట్ట నిమ్స్‌కు డైరెక్టరుగా పనిచేసిన న్యూరోసర్జన్ ఆచార్య డి. రాజారెడ్డి గారు ఈ వ్యాధి నాడీమండలాన్ని దెబ్బతీసే తీరును దీర్ఘకాలం అధ్యయనం చేశారు. 2009లో 'న్యూరాలజీ ఇండియా' పత్రికలో దానిపై సమగ్ర సమీక్ష రాశారు. రాయిలా బిగిసిన ఎముకను, కింద నలుగుతున్న వెన్నుపాముకు ఒత్తిడి తగలకుండా కొద్దికొద్దిగా తొలగించడం ఎంతో ఓర్పుతో కూడిన పని. అయినా అప్పటికే చచ్చుబడిన నాడులకు పూర్తి జీవం రాకపోవచ్చు. అందుకే రోగి శరీరంతో పాటు అతను తాగే నీటిని కూడా పరిశీలించేవాడే సంపూర్ణ వైద్యుడని నా అభిప్రాయం.

నడుము నొప్పులలో అధికభాగం శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతాయి. అయితే కాళ్లు బిగుసుకోవడం, నడకలో తూలడం, తెలియకుండానే చెప్పు జారిపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, మూత్రంపై అదుపు తప్పడం వంటివి కనిపిస్తే ఇంటి వైద్యాలతో కాలయాపన చేయరాదు. వెంటనే నిపుణుని సంప్రదించాలి.

బోరు నీరు తాగేవారు దానిని పరీక్ష చేయించుకోవాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీరు తాగరాదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు; నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. శస్త్రచికిత్స ఒక్క రోగిని నిలబెట్టగలదు. మంచినీరు ఊరినే కాపాడుతుంది.