ఏది కచ్చా, ఏది పక్కా?

మన ప్రభుత్వ పథకాల భాషలో ఇళ్ళు రెండు రకాలు. మట్టిగోడల ఇల్లు కచ్చా, సిమెంటు ఇల్లు పక్కా. హిందుస్తానీలో మొదటి మాటకు పచ్చిది అనీ, రెండవ మాటకు పండినది అనీ అర్థం. మూడు తరాల పురుళ్ళనూ పెళ్ళిళ్ళనూ చూసిన ఇల్లు ఇంకా పచ్చిదట. మొన్న కట్టి, మూడో వానకే స్లాబు కారుతున్న ఇల్లు పండినదట. ఇది వట్టి మాటల పేచీ అయితే ఇంత రాయనక్కరలేదు. కానీ ఆ మాట నమ్మి, నిలబడి ఉన్న ఇంటిని పడగొట్టి అప్పులపాలవుతున్న కుటుంబాలను ప్రతి వేసవిలోనూ చూస్తున్నాను. అందుకే ఈ గొడవ.

నేను చెప్పదలచినది ఒకటే. పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో నా కళ్ళముందు కూల్చిన ఇళ్ళలో చాలా వాటికి ఆ గతి పట్టవలసిన అవసరం లేదు. చేతిలో పెద్ద మొత్తం లేనివారు కూడా వాటిని తమ చేతులతో, ఏడాదికి కొంత చొప్పున బాగుచేసుకోవచ్చు. నిజానికి చేతిలో డబ్బు లేనివారికే ఆ దారి ఎక్కువ అవసరం. ఆ దారిని మూస్తున్నది పేదరికం కాదు. మేస్త్రీ తీర్పు, సర్కారు నిబంధన, చుట్టాల ముందు పరువు, ఈ మూడూ కలిసి మూస్తున్నాయి.

ఈ ఇళ్ళ సంగతి ముందు కొంత చెప్పాలి. గద్వాల, మక్తల్, నారాయణపేట వైపు వాన తక్కువ, రాయి ఎక్కువ. అక్కడివి రాతిగోడల మీద మట్టిమిద్దెలు. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కట్టెలో బండలో పరచి, అన్నిటి మీదా చవుడుమట్టి మందంగా వేస్తారు. తడిసిన చవుడు బిగిసిపోయి నీటిని కిందికి దిగనివ్వదు. తూర్పుకు, దేవరకొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు వచ్చేకొద్దీ గూనపెంకు కప్పిన మట్టిగోడల ఇళ్ళు కనబడతాయి. కలిగినవారివైతే నడుమ వాకిలి వదిలి చుట్టూ అర్రలు కట్టిన భవంతులు. రూపాలు వేరైనా వీటన్నిటి ధర్మం ఒకటే. ఏడాదికోసారి మనిషి చేయి తగలాలి. మృగశిర రాకముందే గూన దించి, పగిలినవి ఏరి, తిరిగి పరచాలి. మిద్దె మీద చవుడు పలచబడినచోట కొత్త చవుడు పోయాలి. పండుగకు గోడలకు సున్నం వేయాలి.

దీనినే ఇప్పటివాళ్ళు ‘మెయింటెనెన్సు’ ఎక్కువ అని ఈసడిస్తారు. నేను దీనిని గుణమంటాను. ఏటా చేయి తగిలే ఇంట్లో చిన్న చీలిక పెద్దది కాదు. ఖర్చు కూడా ఏటికేడు పంచుకుపోతుంది. ఆ ఖర్చులో సగం ఇంటివాళ్ళ ఒంటి చాకిరీయే కాబట్టి దానికి వడ్డీ లేదు. స్లాబు అలా కాదు. కొన్నేళ్ళు ఏమీ అడగదు. అడిగినరోజు, అంటే లోపలి ఇనుపచువ్వలు తుప్పుపట్టి పెచ్చులు నెత్తిన పడే రోజు, మొత్తం ఒక్కసారే అడుగుతుంది. నెలనెలా కొంత మిగిలేవాడికి ఏది అనువైన ఇల్లో పెద్ద లెక్క వేయనక్కరలేదు.

దేవరకొండ దగ్గరి పల్లెలో మా తాత కట్టిన ఇంటికి ముగ్గురు మేస్త్రీలను వేరువేరుగా తీసుకువెళ్ళాను. ముగ్గురిదీ ఒకటే మాట. వారిలో పెద్దాయన గడప దాటకముందే అన్నాడు: “గీ మట్టిగోడలు ఇంకెన్నొద్దులుంటయి సారూ? కొట్టేసి పిల్లర్లు లేపుదాం. దీనిమీద పెట్టే పైసలు బూడిదల పోసిన పన్నీరే.” ఒక్కరూ గోడకు చేయి ఆనించి చూడలేదు. దూలాన్ని తట్టి చూడలేదు. నాడి పట్టకుండానే రోగిని కాటికి పంపే వైద్యం ఇది. అయితే తప్పంతా వారిదే అనలేను. కొత్త ఇంటికి చదరపు అడుగుకు ఇంత అని గుత్త మాట్లాడుకోవచ్చు. మరమ్మతుకు ఆ కొలత లేదు. ఏ గోడ ఎంత పని అడుగుతుందో ఒలిచి చూస్తే గాని తెలియదు. కొలతకు లొంగని పనిని కూలిమీద బతికేవాడు ఎందుకు మెచ్చుకుంటాడు? అందుకే మరమ్మతు అనేది ఇంటివాడు స్వయంగా తలకెత్తుకోవలసిన పని. రోజుకూలికి ఒకరిద్దరిని తోడు తెచ్చుకోవచ్చు గాని, ఇల్లు మొత్తాన్ని గుత్తకు అప్పగించడం కుదరదు.

ఆ ఇల్లు మూడు వేసవుల్లో బాగుపడింది. అప్పు చేయలేదు. జీతంలో మిగిలినంత మేరకే పని. ఆ క్రమం ఇక్కడ చెప్పడం అవసరం, ఎందుకంటే తక్కువ డబ్బుతో చేసే పనిలో ఏది ముందు, ఏది వెనుక అన్నదే అసలైన పొదుపు.

మొదటి వేసవి అంతా కప్పుకే. ఇంటికి శత్రువు వయసు కాదు, నీళ్ళు. గూన మొత్తం దించి ఒక్కొక్కటీ వేలితో తట్టి చూశాము. ఖంగుమన్నది మంచిది, బొంగురుగా పలికినది పగిలినది. తక్కువపడినవి పక్క ఊళ్ళో కూల్చుతున్న ఇంటినుంచి వచ్చాయి. వారికి అది చెత్త, ఎత్తుకుపోతే చాలునన్నారు. చెదలు తిన్న వాసాలు మార్చాము. ఒక దూలం కొస పుచ్చి ఉంది. దూలమంతా మారిస్తే ఖర్చు మోయలేము. పుచ్చినంతవరకు కోసి, దానికింద వేపమొద్దు మొగురాన్ని నిలబెట్టి భారం దానిమీదికి దింపాము. గోడ మొదట్లో నీరు నిలవకుండా ఇంటిచుట్టూ వాలు తీసి కాలువ తవ్వాము. ఆ ఏడాది గోడలకు రంగు లేదు, నేలకు బండ లేదు. చూడవచ్చిన చుట్టాలు ఇన్ని రోజులు ఏం చేశారని నవ్వారు. ఆ వానకాలం లోపల ఒక్క చుక్క పడలేదు.

రెండవ వేసవి గోడలు. అసలు జబ్బు ఇక్కడుంది. ఎప్పుడో ఎవరో మట్టిగోడలకు అడుగునుంచి నడుమెత్తు దాకా సిమెంటు పూశారు, గట్టిగా ఉంటుందని. మట్టిగోడ నేలలోని చెమ్మను కొంత పీల్చుకుంటుంది, ఎండకూ గాలికీ దానిని వదిలేస్తుంది. అది దాని ఊపిరి. సున్నపు పూత ఆ ఊపిరిని ఆపదు. సిమెంటు ఆపుతుంది. పైగా మట్టి ఎండకూ వానకూ కొంచెం కదులుతుంది, బిరుసైన సిమెంటు కదలలేక చీలుతుంది. ఆ చీలికలోంచి నీరు లోపలికి పోతుంది, బయటికి రాదు. లోపలి మట్టి మెత్తబడుతుంది, ఉప్పు పేరుకుంటుంది. పైకి నున్నగా మేడిపండులా ఉంటుంది. ఆ పూతను ఒలిచినప్పుడు దాని వెనుక మట్టి పిడికెళ్ళుగా రాలింది. సిమెంటు తాకని పైభాగం మాత్రం ఇప్పటికీ గడ్డపారకు లొంగదు. గోడను కాపాడుతుందనుకున్నదే గోడను తిన్నది.

రాలినచోట అదే మట్టిని జల్లించి, ఇసుకా తరిగిన వరిగడ్డీ కలిపి, కొన్నాళ్ళు నాననిచ్చి తిరిగి మెత్తాము. అది ఆరాక సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు కలిపి పూత. సున్నాన్ని ముందే వారాల తరబడి నీళ్ళలో నానబెట్టుకోవాలి. కాల్చిన సున్నపురాయి తడిస్తే కుతకుత ఉడుకుతుంది, కళ్ళు జాగ్రత్త. పూత త్వరగా ఎండిపోకుండా తడిగోనెలు వేలాడదీయాలి. ఇందులో ఇంటివాళ్ళకు రాని విద్య ఏదీ లేదు. కావలసింది ఓపిక. మూడవ వేసవిలో నేలకు తాండూరు బండలు, కరెంటు తీగలు, మట్టిగోడలకు తగలకుండా విడిగా కట్టిన స్నానపు గది. సిమెంటు వాడినది ఆ గదికే. నాకు సిమెంటు మీద పగ లేదు, దానిని మట్టిమీద పూయడం మీదే.

సున్నం కరువైంది కదా అంటారు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే సున్నం. గోడమీద అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్ళీ రాయి అవుతుంది. అదే రాయిని బంకమట్టితో కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటుకు మూలమైన గడ్డలు. మఠంపల్లి, మేళ్ళచెరువు, వాడపల్లి చుట్టూ సిమెంటు కర్మాగారాలు తవ్వుతున్నది ఆ రాయినే. ఫ్లోరైడు నీటిని శుద్ధిచేసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు, అందులో వాడేవి పటిక, సున్నం. మన జిల్లా పేరును ఊరూరికీ మోసిన సున్నం మన గోడకు మాత్రం నామోషీ అయింది. మన కాళ్ళకింది రాయి సంచిలో సిమెంటై తిరిగివస్తే తప్ప మనకు గౌరవం కలగదు.

ఇక గట్టి ఆక్షేపణ ఒకటుంది. ప్రతి వానకాలం మట్టిగోడలు కూలి మనుషులు చనిపోతున్నారు, నీవు వాటిలోనే ఉండమంటావా అని. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. తూకంగుండు వేలాడదీస్తే నిలువు తప్పిన గోడ కింద ఎవరూ పడుకోకూడదు. దానిని దించాలి. అయితే దించిన ఆ మట్టినే తడిపి మళ్ళీ గోడ పెట్టవచ్చు. సిమెంటు గోడకు ఆ పునర్జన్మ లేదు. కానీ గోడ ఎందుకు నిలువు తప్పిందని కూడా అడగాలి గదా? మా వీధిలో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది పోశారు. వీధి లేచింది, ఇళ్ళు కుంగాయి. ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్ళే ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్ళాలి. వీధి నీళ్ళన్నీ గోడ మొదట్లోకి. అలా నానిన గోడ కూలితే మట్టి బలహీనమని రాసుకుంటారు. రోడ్డు పేరు ఎవరూ రాయరు.

మరొక ఆక్షేపణ కోతులు. ఇది నిజమైన బాధ. గూన మీద కోతులు ఎగిరితే పెంకు మిగలదు, చాలామంది రేకులకు మారింది అందుకే. మేము కప్పు నడికొప్పున ముళ్ళకంప కట్టాము, పెరటిమూల గూన నిలువ ఉంచుకున్నాము. పూర్తిగా తీరలేదు. కానీ కోతులకు భయపడి ఇల్లే కూల్చుకోవడం ఎలుకల కోసం గాదె తగలబెట్టుకోవడమే.

ఇప్పుడు సర్కారు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. తెలంగాణలో 2015లో రెండు పడకగదుల ఇళ్ళు, 2024 మార్చిలో ఇందిరమ్మ ఇండ్లు వచ్చాయి. ఈ చివరిది సొంత స్థలం ఉన్నవారికి విడతలుగా 5 లక్షల రూపాయలు ఇస్తుంది. గుడిసెలో ఉన్నవారికి, గూడే లేనివారికి ఇది వరం, అందులో నాకు సందేహం లేదు. కానీ మూడు పథకాలదీ ఒకటే భాష, కొత్త ఇల్లు. గట్టి గోడలున్న ఇంటికి కప్పు మాత్రమే కావలసినవాడు ఆ భాషలో ఏమని అడగాలి? సాయం కావాలంటే ముందు తన ఇల్లు పనికిరాదని ఒప్పుకోవాలి. ఆ తరువాత దానిని పడగొట్టాలి. ఇచ్చిన సొమ్ము చాలక మిగిలినది వడ్డీకి తేవాలి.

మార్గాలు తెలియక ఇలా జరుగుతున్నదా? హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో మట్టితోనూ చవక పద్ధతులతోనూ కట్టిన నమూనా ఇళ్ళు ఉన్నాయి. కేరళలో లారీ బేకర్ (1917–2007) దశాబ్దాలపాటు సున్నంతో, మట్టితో, పాత తలుపులతో పేదవారికి ఇళ్ళు కట్టి చూపాడు. 1990లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. బిరుదులిచ్చి, నమూనాలు ప్రదర్శించి, నిబంధనల్లో మాత్రం కచ్చా అని రాయడం మన పద్ధతి.

పాలమూరు కూలీ గురించి చెప్పకుండా ఈ మాట ముగించలేను. గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన చేతులవి. రాయి పేర్చడం, మట్టి తొక్కడం వారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అలాంటి మనిషి తన సొంత ఇంటి గోడను తాను బాగుచేసుకోలేడని నమ్మించడం చిన్న దోపిడీ కాదు. వలసపోయి తెచ్చిన సొమ్మంతా సిమెంటుకూ ఇనుముకూ పోసి, అప్పు తీర్చడానికి మళ్ళీ వలస పోతున్నాడు. ఆ పక్కా ఇంటికి ఏడాదిలో చాలా నెలలు తాళమే.

మిత్రులారా, మనలో పాత ఇంటి మీద కవిత రాయనివారు అరుదు. దిగూట్లో దీపం, వాకిట్లో వెన్నెల, అటుక మీద దాగుడుమూతలు. చదివితే నాకూ కళ్ళు చెమరుస్తాయి. కానీ ఆ కవిత రాసినవారి ఊళ్ళో ఆ ఇల్లు ఏ స్థితిలో ఉందో కూడా అడగాలనిపిస్తుంది. బెంగకు కప్పు నిలవదు. వేసవి సెలవుల్లో నాలుగు రోజులు వెళ్ళి గూన తిప్పితే నిలుస్తుంది.

ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్దదేమీ కాదు. కొత్త ఇంటికి ఇచ్చే 5 లక్షల్లో ఐదోవంతు, అంటే లక్ష రూపాయలు, పాత ఇంటి కప్పుకూ గోడ మొదలుకూ ఇవ్వండి. వీధి రోడ్డు మళ్ళీ వేసేముందు పాతదాన్ని తవ్వి తీయండి. ఇంటివాళ్ళను అడిగేది ఇంకా చిన్నది. పడగొట్టడానికి బయానా ఇచ్చేముందు మూడు పనులు చేయండి. గోడకు తూకంగుండు వేయండి, దూలం కొసలను చాకుతో పొడిచి చూడండి, గోడ మొదట్లో జానెడు పూత ఒలిచి లోపలి మట్టిని చేత్తో తాకండి. ఆ మూడూ బాగుంటే మేస్త్రీని మర్యాదగా సాగనంపి, గూన దించడానికి నిచ్చెన వేసుకోండి.