సమీకరణంలో చిట్లని బొగ్గు

వానాకాలం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా నడిస్తే రోడ్డు పక్కన మొక్కజొన్న కంకులు కాల్చే బండ్లు కనిపిస్తాయి. అమ్మే ఆమె విసనకర్రతో విసురుతుంటే బొగ్గులు ఎర్రబడతాయి. ఉన్నట్టుండి ఒకటి ‘చిట్’మని పేలి నిప్పురవ్వలు ఎగురుతాయి. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఇది చూసి వచ్చి క్లాసులో అడిగాడు: “సార్, బొగ్గు కాలితే బొగ్గుపులుసు వాయువు వస్తుందన్నారు గదా, మరి పేలడమెందుకు?” “తడి ఉండి ఉంటుందిలే, కూర్చో” అన్నాను. అది సగం జవాబే. మిగతా సగం నాకే తెలియదు. తర్వాత చదువుకున్నాను.

మన పాఠాల మీద నా ఫిర్యాదు ఇక్కడే. కార్బన్, ఆక్సిజన్ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ అని ఒక్క సమీకరణం రాసి ముందుకు పోతాం. దానితో పిల్లలు బొగ్గుముక్క సబ్బుబిళ్ళలా నలువైపులా సమంగా అరిగిపోతుందని అనుకుంటారు. నిప్పులో బొగ్గు అలా అరగదు, పగులుతుంది. ఎలా పగిలింది అన్నదాన్ని బట్టే దానిలోని వేడి మనకు దక్కడమో, పొగగొట్టంలోంచి పోవడమో తేలుతుంది.

ఇది బాగా తెలిసేది ఫ్లూయిడైజ్డ్ బెడ్ అనే రకం కొలిమిలో. పేరు చూసి బెదరకండి. ఒక గదిలో ఇసుక పోసి, అడుగునున్న సన్నని రంధ్రాల గుండా గాలిని వేగంగా పంపితే ఇసుక తేలి, ఉడికే అన్నంలా కుతకుతలాడుతుంది. దాన్ని సుమారు 850 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడిచేసి బొగ్గుముక్కలు వేస్తారు. పాన్పులో కార్బన్ నూటికి ఒకటి రెండు పాళ్ళు, మహా అయితే అయిదు. మిగిలిందంతా ఇసుక, బూడిద. సున్నపురాయి కూడా వేస్తే బొగ్గులోని గంధకాన్ని అక్కడికక్కడే పట్టేస్తుంది. జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ 1920లలోనే ఇలాంటి పాన్పులో బొగ్గును వాయువుగా మార్చాడు.

రామగుండం వంటి చోట్ల బొగ్గును ముందే మరల్లో పిండిలా నూరి కాలుస్తారు. నూరడానికి కరెంటు ఖర్చు. ఈ పాన్పులో వేసేది మాత్రం ఆరేడు మి.మీ. ముక్కలు. నూరే పని నిప్పే చేసిపెడుతుంది, అదీ ఉచితంగా. కాని ఎంత సన్నగా నూరాలో మనల్ని అడగదు!

వేడి ఇసుకలో పడ్డ ముక్క పైభాగం చటుక్కున వేడెక్కుతుంది, లోపల ఇంకా చల్లగానే ఉంటుంది. మందమైన గాజుగ్లాసులో మరిగే టీ పోస్తే పగలడం చూశారు గదా, అదే ఒత్తిడి. పైగా లోపలి నీరు ఆవిరై, బాష్పశీల పదార్థాలు వాయువులై, బయటికి దారి చాలక లోపలినుంచి తోస్తాయి. ముక్క నాలుగైదుగా విచ్చిపోతుంది. కంకుల బండి దగ్గర విన్న ‘చిట్’ ఈ జాతిదే. తడి అందులో ఒక పాలు మాత్రమే. తర్వాత మిగిలిన కార్బన్ కాలుతుంటే లోపలి రంధ్రాలు పెద్దవై, మధ్య గోడలు పలచబడి మళ్ళీ విరుగుతాయి. ఈలోగా ఇసుక రేణువులు ఆకురాయిలా రాస్తూ సన్నని పొడి రాలుస్తూనే ఉంటాయి.

చిట్లడం మంచిదా, చెడ్డదా? లెక్క వేయండి. ఒక సెం.మీ. ఘనానికి ఉపరితలం 6 చదరపు సెం.మీ. దాన్ని ఒక మి.మీ. ఘనాలుగా కోస్తే వెయ్యి వస్తాయి, మొత్తం ఉపరితలం 60 చదరపు సెం.మీ. గాలి తగిలే చోటు పదిరెట్లయింది, కాబట్టి త్వరగా కాలుతుంది. అంతవరకు మంచిదే. మరీ పొడి అయితే మాత్రం కాలేలోపే గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. అందుకే కొన్ని కొలిముల్లో సైక్లోన్ అనే గరాటులో ఆ పొడిని పట్టి మళ్ళీ లోపలికి పంపుతారు.

ఇటలీలోని నేపుల్స్ పరిశోధకులు 1980లలో ఈ చిట్లడాన్ని దశలుగా విడదీసి కొలిచారు. బొగ్గును తీగబుట్టలో పెట్టి పాన్పులో ముంచి, పైకి తీసి ముక్కలు లెక్కపెట్టే పద్ధతి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అయితే వాళ్ళ లెక్క మన బొగ్గుకు అచ్చుగుద్దినట్టు సరిపోదు. మన బొగ్గులో నూటికి 30 నుంచి 45 పాళ్ళ బూడిద మామూలు. ఒక్కో బొగ్గు ఒక్కోలా చిట్లుతుంది. ‘కిలోకి ఇన్ని కేలరీలు’ అన్న ఒక్క అంకెతో బొగ్గుకు వెల కట్టడం అందుకే తప్పంటాను. మన బొగ్గును మన నిప్పులోనే పెట్టి చూడాలి. ఎల్‌బీ నగర్ మెట్రో వెళ్ళే దారిలోనే ఉన్న బాలానగర్ వైపు, బీహెచ్ఈఎల్ పరిశోధన కేంద్రంలో ఆ పని జరిగింది. రోజుకు 1.2 టన్నుల బొగ్గు పట్టే ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో, బూడిద ఎక్కువున్న మన బొగ్గును వాయువుగా మార్చి, దానినుంచి మిథనాల్ తీశారు. 2022 జనవరిలో ఆ యూనిట్‌ను ప్రారంభించారు.

బొగ్గు మానేయాల్సిన కాలంలో ఇదంతా ఎందుకని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ పాన్పు గంధకాన్ని పట్టగలదు గాని బొగ్గుపులుసు వాయువును ఆపలేదు. కాని ఇదే పాన్పులో వరిఊక కాలుతుంది, పత్తికట్టె ముక్కలూ కాలతాయి. అవి ఎలా చిట్లుతాయో కూడా ఎవరో ఒకరు చూడాలి గదా!

ఊక సంగతే తీసుకోండి. దానిలో సిలికా ఎక్కువ. కార్బన్ పోయినా ఆ సిలికా గూడు నిలుస్తుంది. మీ చుట్టాలు ఎవరైనా మిర్యాలగూడ వైపు రైసుమిల్లులో ఉంటే, పూర్తిగా చల్లారిన ఊకబూడిద చిటికెడు తెప్పించుకోండి. భూతద్దంలో చూస్తే కొన్ని రేకులు గింజపొట్టు ఆకారంలోనే ఉంటాయి. వేళ్ళమధ్య నలిపితే పొడి అవుతాయి. బొగ్గులా చిట్లకుండా అది ఎందుకలా మిగిలిందో మీ సైన్సు మాస్టారిని అడగండి. ఆయన “కూర్చో” అంటే మర్నాడు మళ్ళీ అడగండి.