ఆపుటకు అధికారము

2024 అక్టోబరులో దంతెవాడ జిల్లా ఆసుపత్రియందు కంటి శుక్లములు తీయించుకొన్నవారిలో పలువురికి కండ్లకు సూక్ష్మజీవులు సోకగా, వారిని రాయపూరులోని అంబేద్కర్ ఆసుపత్రికి తరలింపవలసివచ్చెను. సిబ్బందిలో ముగ్గురిని సస్పెండు చేసిరి. శిక్ష అవసరమే కావచ్చును. కాని అది పోయిన చూపును తిరిగి తేలేదు. 2011లో బాలోదు కంటి శిబిరమునందును ఇట్టి విపత్తే జరిగెను.

తళతళలాడు పనిముట్టెల్ల శుద్ధమైనది కాదు. ఆవిరియంత్రములో 121 డిగ్రీల వేడిమి తగినంతసేపు నిలువనిదే మొండి సూక్ష్మజీవులు చావవు. పొట్లముమీది సూచికపట్టీ రంగు మారినదో లేదో చూచునది సాధారణముగా నర్సే. మారనిచో ఆపరేషను ఆపించు అధికారము ఆమెకు వ్రాతపూర్వకముగా ఈయవలెను. వెలుపల ఎందరు వేచియున్నను, పెద్ద సర్జనే కోపగించినను, ఆమె మాటయే చెల్లవలెను.