లియామ్ బుద్ధిమంతుడని మనకెవరు చెప్పారు?

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు మా పిన్ని కూతురు ల్యాప్‌టాప్ పట్టుకుని నా పక్కన చేరింది. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతోంది. ప్రోగ్రామింగ్ డౌటేమో అనుకున్నా. కాదు.

"అక్కా, ఒక కథ రాశాను. చదివి పెట్టు. నవ్వకూడదు మరి."

చదివాను. బీటీఎస్ మీద కథ. వాళ్ళ లీడర్ ఆర్ఎం ఒకరోజు అర్ధరాత్రి స్టూడియోలో కూర్చుని ఇక నావల్ల కాదు పొమ్మంటాడు. ఓదార్చడానికొచ్చిన తోటివాళ్ళ మీద అరుస్తాడు. నిజం చెప్పొద్దూ, బానే రాసింది. మరి గొడవేంటంటే, దాని స్నేహితురాలు చదివి "ఓఓసీ" అని ఒక్క ముక్కలో కొట్టి పారేసిందట. అంటే ఔట్ ఆఫ్ క్యారెక్టర్. "మన నామ్‌జూన్ అలా అరవడు, అతను అందర్నీ అర్థం చేసుకునే మనిషి" అని తీర్పు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పడానికే ఈ సోదంతా.

ఫ్యాన్ ఫిక్షన్ అంటే తెలియని పెద్దమనుషుల కోసం రెండు ముక్కలు. మనకి నచ్చిన పాత్రల్ని తీసుకుని మన సొంత కథ అల్లుకోవడం. అందులో ఒక పాయ నిజం మనుషుల మీద రాసేది. బాయ్ బ్యాండ్లంటే ఆ పాయకి పండగే. ఈ రాతల్లో అందరూ ఒప్పుకునే మొదటి రూలు ఏంటంటే "క్యారెక్టర్ తప్పకూడదు". దానికోసం ఇంటర్వ్యూలు చూస్తారు, మాట తీరు పట్టుకుంటారు, ఎవరు ఎలా నవ్వుతారో నోట్ చేసుకుంటారు. మనం రిక్వైర్‌మెంట్స్ రాసుకున్నంత శ్రద్ధగా అన్నమాట (మనం అంత శ్రద్ధగా రాస్తామా అని అడక్కండి).

ఇహ నా సొంత పాపం. ఇంటర్ హాస్టల్లో నేను వన్ డైరెక్షన్ పిచ్చిదాన్ని. ఫిజిక్స్ లాంగ్ నోట్‌బుక్కు వెనకనుంచి మొదలుపెట్టి కథ రాశాను. ముందునుంచి ఫిజిక్సు, వెనకనుంచి హ్యారీ, లూయీ, నియాల్, జెయిన్, లియామ్. ఇంగ్లీషులోనే రాశాన్లెండి, అదేం ఇంగ్లీషో మాత్రం నన్ను అడగొద్దు. రెండూ మధ్యలో కలుసుకునేసరికి పబ్లిక్ పరీక్షలొచ్చాయి.

ఆ కథలో నేను క్యారెక్టర్ ఒక్కచోట కూడా తప్పలేదు. నియాల్ ఎప్పుడూ ఏదో ఒకటి తింటూ ఉండేవాడు. జెయిన్ అద్దం ముందు మౌనంగా నిలబడేవాడు. లూయీ చేతిలో క్యారెట్ ఉండేది (క్యారెట్లు తినే అమ్మాయిలంటే ఇష్టమని అతను ఓసారి సరదాకి అన్నాడు, ఆ ఒక్క జోకుకి అభిమానులు ఏళ్ళ తరబడి క్యారెట్లు మోసుకొచ్చారు). హ్యారీ కొంటెవాడు. లియామ్ మాత్రం బుద్ధిమంతుడు. అభిమానులు అతనికి పెట్టిన పేరే డాడీ డైరెక్షన్. నా కథలో మిగతా నలుగురూ అల్లరి చేస్తే సర్దేది అతను, లేటుగా వస్తే తిట్టేది అతను, అందరికీ దుప్పటి కప్పేది అతను. రెండొందల పేజీల్లో లియామ్ ఒక్క తప్పూ చెయ్యలేదు. ఎవరికీ ఏ కష్టమూ చెప్పుకోలేదు. నేను చెప్పుకోనివ్వలేదు.

2021లో లియామ్ పేన్ ఒక పాడ్‌కాస్ట్‌లో ఆ రోజుల గురించి మాట్లాడాడు. వాళ్ళని భద్రంగా ఉంచాలంటే హోటల్ గదిలో పెట్టి తాళమెయ్యడమే దారి అనుకున్నారట. గదిలో ఏముంటుంది? మినీబార్ ఉంటుంది. తన తాగుడు గోల అక్కణ్ణుంచి ఎలా పెరిగిందో చెప్పుకొచ్చాడు. 2024 అక్టోబరు 16న బ్యూనస్ ఎయిరిస్‌లో హోటల్ మూడో అంతస్తు బాల్కనీ నుంచి పడి చనిపోయాడు. 31 ఏళ్ళు.

ఆ వార్త చదివిన రోజు ఆఫీసులో ఏదో రిలీజ్ నడుస్తోంది. కాల్ మ్యూట్‌లో పెట్టుకుని కూర్చున్నా. మొదట గుర్తొచ్చింది అతని పాట కాదు, నా నోట్‌బుక్కు. నేను దుప్పట్లు కప్పించిన మనిషి అసలు ఆ టైములో ఏ గదిలో ఉన్నాడు?

ఇప్పుడు చెప్పండి. నా కథ ఇన్ క్యారెక్టరా కాదా? అప్పట్లో ఏ అభిమానికి చూపించినా నూటికి నూరు మార్కులు వేసేవారు. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ కేసులన్నీ పాస్. కాకపోతే ఆ టెస్ట్ కేసులు రాసింది మార్కెటింగ్ వాళ్ళ బ్రోషర్ చూసి. బ్రోషర్‌తో బ్రోషర్‌ని పోల్చి చూసుకుంటే ఫెయిలెందుకవుతుంది?

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. షెర్లాక్ హోమ్స్ మీద కథ రాశారనుకోండి, క్యారెక్టర్ తప్పిందో లేదో తేల్చొచ్చు. కానన్ డాయిల్ రాసినవి 4 నవలలు, 56 కథలు. అంతే, దాని బయట హోమ్స్ లేడు. మనిషి అలా కాదు. మనకి కనిపించేది కెమెరా ముందు కూర్చున్న గంట, అందులోనూ ఎడిటింగ్‌లో మిగిలిన పది నిమిషాలు. మిగతా ఇరవై మూడు గంటలూ అతనివి. ఆ పది నిమిషాలు చూసి "అతను అలా చెయ్యడు" అని చెప్పడానికి మనమెవరం?

పైగా ఆ పది నిమిషాలు ఎలా తయారవుతాయో చూడండి. 2010 జూలైలో ఎక్స్ ఫ్యాక్టర్ షోకి విడివిడిగా వచ్చిన ఐదుగురు కుర్రాళ్ళని కలిపి బ్యాండ్ చేశారు. లూయీకి 18, జెయిన్‌కి 17, మిగతా ముగ్గురికీ 16. పదహారేళ్ళకి నేనేంటో నాకే తెలీదు. వాళ్ళకి మాత్రం కొన్ని నెలల్లో తలా ఒక బోర్డు తగిలించేశారు: ఒకడు కొంటె, ఒకడు మౌనం, ఒకడు బుద్ధిమంతుడు. "మౌనం" బోర్డు మోసిన జెయిన్ 2015 మార్చిలో బ్యాండ్ వదిలేసి వెళ్ళాడు. 2016లో వచ్చిన తన పుస్తకంలో, బ్యాండ్‌లో ఉన్న రోజుల్లో తిండి మానేసేంత ఇబ్బంది పడ్డానని చెప్పుకున్నాడు. మనం దాన్ని మిస్టరీ అనుకుని మురిసిపోయాం.

బోర్డు తగిలించడమంటే ఏంటో మనకి తెలీదా? నా మొదటి ప్రాజెక్టులో మొదటి వారం నేను మీటింగులో మాట్లాడలేదు. కారణం, నాకేమీ అర్థం కాలేదు. మా మేనేజర్ "ఓ, నువ్వు క్వైట్ టైపా" అన్నాడు. అంతే, మూడేళ్ళు అదే నా క్యారెక్టర్. అప్రైజల్‌లో అదే, క్లయింట్ కాల్స్‌కి పిలవకపోవడానికి అదే కారణం. ఓరోజు తట్టుకోలేక గట్టిగా మాట్లాడితే "ఏమైంది నీకు, నువ్విలాంటి దానివి కాదే" అన్నాడు. ఓఓసీ అన్నమాట! ఆ మాట ఎంత కాల్తుందో నాకు తెలుసు.

ఇది కొత్త జబ్బేం కాదు. 1964లో బీటిల్స్‌తో 'ఎ హార్డ్ డేస్ నైట్' సినిమా తీశారు. నలుగురూ తమ పాత్రలే వేశారు. రాసిన ఆలన్ ఓవెన్ వాళ్ళతో కొద్దిరోజులు తిరిగి స్క్రిప్టు రాశాడు. మంచి సినిమా, కాదనను. కానీ నాలుగు రోజులు చూసి ఒకణ్ణి చమత్కారి, ఇంకొకణ్ణి అమాయకుడు చేసి పెట్టాడని తర్వాత లెనన్ విసుక్కున్నాడు. అందులో రింగో ఏటిగట్టున దిగులుగా తిరిగే సీను ఉంటుంది. ఆహా, రింగో ఎంత ఒంటరివాడో అని లోకం కరిగిపోయింది. ముందురాత్రి నైట్‌క్లబ్బు నుంచి నేరుగా షూటింగుకి వచ్చానని, ఆ మొహం అందువల్లేనని రింగోనే చెప్పుకున్నాడు. క్యారెక్టర్ అనుకున్నది హ్యాంగోవర్!

ఇంకొకటి. 2002లో ఎన్‌సింక్ బ్యాండ్ లాన్స్ బాస్ రష్యాలో వ్యోమగామి శిక్షణ తీసుకున్నాడు. డబ్బులు కట్టేవాళ్ళు కట్టక ప్రయాణం ఆగిపోయింది గానీ లేకపోతే అంతరిక్షంలోకి వెళ్ళేవాడే. దీన్ని 2001లో ఎవరైనా కథగా రాసుంటే? "ఓఓసీ, ఇంత సిల్లీగానా" అనుండేవాళ్ళు. అదే లాన్స్ 2006లో తను గే అని బయటికి చెప్పాడు. ముందే చెబితే బ్యాండ్ ఏమైపోతుందోనని భయపడ్డాడట. అంటే బ్యాండ్ రోజుల్లో అభిమానులు శ్రద్ధగా నోట్ చేసుకున్న క్యారెక్టర్ భయంతో వేసుకున్న ముసుగు.

ఇక్కడ ఒకాయన లేస్తాడు. "ఎలాగూ నిజం తెలీదు కదా, కల్పనే కదా, ఏమైనా రాసుకోవచ్చు" అని. అయ్యా కూర్చోండి, మీ సంగతీ ఉంది. అనా టాడ్ 2013లో వాట్‌ప్యాడ్‌లో 'ఆఫ్టర్' మొదలుపెట్టింది. హీరో పేరు హ్యారీ స్టైల్స్. అమ్మాయిని నానా హింసా పెట్టే మొరటువాడు. 2014లో పుస్తకంగా వచ్చేసరికి హార్డిన్ స్కాట్ అయ్యాడు, 2019లో సినిమా కూడా అయ్యాడు. పేరు మార్చినా కథకేమీ కాలేదు కదా? అంటే ఆ కథకి హ్యారీ ఎప్పుడూ అక్కర్లేదు. అక్కరకొచ్చింది అతని పేరుకున్న గిరాకీ. పాత్ర మీ సొంతమైనప్పుడు పేరు కూడా మీ సొంతమే పెట్టుకోండి. ఊరందరికీ తెలిసిన కుర్రాడి పేరు ఒక దుర్మార్గుడికి తగిలించడం కల్పన కాదు, బద్ధకం.

ఇక హ్యారీ, లూయీ ప్రేమికులని రాసేవాళ్ళు కథలతో ఆగలేదు, అదే నిజమని సాక్ష్యాలు ఏరడం మొదలుపెట్టారు. దీనివల్ల తమ స్నేహమే బిగుసుకుపోయిందని లూయీ బహిరంగంగా చెప్పాడు. 2019లో హెచ్‌బీఓ వాళ్ళ 'యుఫోరియా' సీరియల్లో వాళ్ళిద్దరి మీద అలాంటి యానిమేషన్ సీను వస్తే, నన్నెవరూ అడగలేదు, నేను ఒప్పుకోలేదు అని లూయీ ట్వీట్ చెయ్యాల్సొచ్చింది. ఇద్దరు స్నేహితులు పక్కపక్కన నిలబడటానికి జంకేలా చేశాక, "మేం క్యారెక్టర్ తప్పలేదు" అంటే ఏం లాభం?

ఇంకోవైపు నుంచి పెద్దలు లేస్తారు. "ఈ దరిద్రమంతా ఎందుకు, మొత్తం నిషేధించండి" అని. అదీ చూశాం. 2020లో చైనాలో ఒక కథ మీద గొడవైంది. అందులో హీరో షావో జాన్, అతనూ బాయ్ బ్యాండ్ నుంచి వచ్చినవాడే. కొందరు అభిమానులకి ఒళ్ళు మండి ఫిర్యాదులు చేశారు. ఫిబ్రవరి 29న ఏఓ3 అనే కథల భాండాగారమే అక్కడ మూతపడింది. ఒక కథ నచ్చలేదని లక్షల కథలు పోయాయి. అయినా ఊహని ఎవరాపగలరండీ? బ్రాంటీ అక్కచెల్లెళ్ళు చిన్నప్పుడు బొమ్మ సైనికులకి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ లాంటి పేర్లు పెట్టి కథలల్లుకుంటూనే రచయిత్రులయ్యారు.

కాబట్టి నేను చెప్పేది రాయొద్దని కాదు. క్యారెక్టర్ అనే మాటకి అర్థం మార్చమని. మనకి తెలిసింది ముసుగు, కాబట్టి ముసుగు అని తెలిసే రాయండి. బుద్ధిమంతుడంటే ఎవరి ముందు బుద్ధిమంతుడు, ఎందుకు, ఎంతసేపు అని అడగండి. అతను కోప్పడితే ఓఓసీ అవదు, కారణం లేకుండా కోప్పడితే అవుతుంది. వాళ్ళమ్మనీ చెల్లినీ కథలోకి లాగొద్దు, వాళ్ళేం స్టేజీ ఎక్కలేదు. చిన్నపిల్లల్ని శృంగారంలోకి అసలే లాగొద్దు. రాసింది తీసుకెళ్ళి ఆ మనిషి మొహం మీద పెట్టొద్దు. అన్నిటికంటే ముఖ్యం, కథ ముగిశాక అది కథేనని గుర్తుంచుకోండి.

మా చెల్లికి 2022 జూన్‌లో బీటీఎస్ వాళ్ళు భోజనాల దగ్గర కూర్చుని మాట్లాడుకున్న వీడియో చూపించాను. కేపాప్ ఐడల్ పద్ధతి మనిషిని ఎదగడానికి టైమివ్వదని, ఎప్పుడూ ఏదో ఒకటి తయారుచేస్తూనే ఉండాలని అందులో ఆర్ఎం స్వయంగా అన్నాడు. "ఇప్పుడు చెప్పు, నీ కథ ఓఓసీనా?" అన్నా. దాని మొహం వెలిగిపోయింది. కానీ వాళ్ళమ్మ ఫోన్ చేసి ఏడ్చే పేరా మాత్రం తీసెయ్యమన్నా. అరగంట దెబ్బలాడింది. "అదే బాగా వచ్చిందక్కా" అని. బాగా వచ్చింది నిజమే. చివరికి తీసేసింది.

తీసేసి, ఊరుకోకుండా అడిగింది. "మరి నీ లియామ్ కథ ఇప్పుడు మార్చి రాస్తావా?"

ఆ నోట్‌బుక్కు ఇంట్లో అటక మీద ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది. మార్చి రాయాలంటే ఇప్పుడు అతన్ని తాగుబోతుని చెయ్యాలి, అయ్యో పాపం అనిపించాలి. డాడీ బోర్డు పీకేసి విషాద నాయకుడి బోర్డు తగిలించడమేగా. ఇప్పుడు నెట్ నిండా చేస్తున్నది అదే. పదహారేళ్ళ పిల్లాడికి ఒకసారి బోర్డు తగిలించాను, చాలు. "రాయను" అన్నాను.

మీలో ఇంకా ఎవరి నోట్‌బుక్కులు అటక మీదున్నాయో చూసుకోండి మరి. సిగ్గుపడక్కర్లేదు. దించి, ఒక్కసారి చదవండి.