రొయ్యపిల్ల మేతకు పరాధీనత ఎన్నాళ్లు?

మంచినీటి రొయ్యల సాగును పునరుద్ధరించాలన్న మాట తరచు వినవస్తున్నది. 1990 దశకంలో నెల్లూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులను ఆదుకున్న నీలకంఠ రొయ్య, 2000 తర్వాత తెల్లతోక వ్యాధితో దెబ్బతిన్నది. 2009లో దేశంలోకి వచ్చిన వనామి చెరువులను ఆక్రమించింది. మేలుజాతి తల్లి రొయ్యలుంటే చాలునన్న వాదన సగం సత్యమే. తక్కిన సగం హేచరీ తొట్టెలోని మేతలో ఉన్నది.

పేరుకు మంచినీటి జీవి అయినా దీని లార్వా ఉప్పు కలిసిన నీటిలోనే పెరుగుతుంది. 1960 దశకారంభంలో మలేసియాలో షావో వెన్ లింగ్ ఈ సంగతి కనుగొన్న తర్వాతనే హేచరీలు సాధ్యమయ్యాయి. లీటరుకు సుమారు 12 గ్రాముల ఉప్పు గల నీటిలో 11 దశలు దాటి పిల్లగా మారడానికి దాదాపు నెల పడుతుంది. లార్వా మేతను వెంటాడి పట్టదు. తనకు తగిలినదానినే అందుకుంటుంది. కనుక మేత ఎల్లవేళలా ఒత్తుగా ఉండాలి. అది మిగిలి కుళ్లితే అమోనియా పెరిగి తొట్టెకే ముప్పు. ఈ చిక్కును తీర్చగలిగేది నీటిలో సజీవంగా ఈదే ఆర్టీమియా. గుడ్లు, పాలపొడితో వండిన కస్టర్డ్ దానికి తోడు మాత్రమే.

అయితే డబ్బాలలో వచ్చే ఆర్టీమియా గుడ్లలో అధికభాగం దిగుమతి సరుకే. ప్రపంచానికి ప్రధాన వనరు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్. 2022లో ఆ సరస్సు నీటిమట్టం మునుపెన్నడూ లేనంతగా పడిపోయి, లవణీయత పెరిగి, ఆర్టీమియా మనుగడకే ప్రమాదం ఏర్పడింది. అక్కడ కొరత వస్తే ఇక్కడ ధర పెరుగుతుంది; ధర పెరిగితే మేతలో కోత పడుతుంది. ఆ నష్టం హేచరీలో బయటపడదు. బలహీనమైన పిల్లను కొని చెరువులో వదిలిన రైతు నెత్తిన పడుతుంది.

దిగుమతి సులువు కదా అనేవారు వియత్నాంను చూడాలి. ఆర్టీమియా సహజంగా లేని ఆ దేశం 1980 దశకంలో దానిని విన్‌చౌ ఉప్పుమడులలో ప్రవేశపెట్టి, ఉప్పు రైతుకు అదనపు ఆదాయం కల్పించింది. మనకు తూత్తుకుడి ఉప్పుమడులలో ఆర్టీమియా ఉన్నది. గుజరాత్‌లో, మన నౌపడాలో విస్తారమైన ఉప్పుమడులున్నాయి. వాటిలో ప్రయోగాత్మక ఉత్పత్తికి కేంద్రం పూనుకోవాలి. అమ్మకానికి ముందు పిల్ల దారుఢ్యాన్ని పరీక్షించడం హేచరీలకు తప్పనిసరి చేయాలి. ఈ రెండూ చేయకుండా చెరువులకు రాయితీలు ప్రకటించడం పునాది లేని ఇంటికి సున్నం వేయడమే.