మండీ వ్యర్థాల విలువ: ముందే తేల్చగల శక్తి లెక్క

హైదరాబాదు పాతబస్తీలోని మీర్ ఆలం మండీ, మాదన్నపేట మార్కెట్లలో అమ్ముడుపోక మిగిలిన ఆకుకూరలు, క్యాబేజీ ఆకులు, మగ్గిన టమాటాలు చెత్తకుప్పకు చేరుతుంటాయి. ఇటువంటి వ్యర్థాన్ని బయోగ్యాస్‌గా, ఎరువుగా మార్చే ప్రతిపాదన ఎక్కడ వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: ఎంత వస్తుంది? ఈ ప్రశ్నకు యంత్ర విక్రేత కరపత్రం ప్రమాణం కారాదు. సమాధానంలో ప్రధాన భాగాన్ని ఉష్ణగతిక శాస్త్రం ముందుగానే ఇస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలు ఆ లెక్కను తమ నిత్య సాధనంగా చేసుకోవలసి ఉంది.

సూక్ష్మజీవి ఆహారం నుంచి పొందిన శక్తిలో కొంత భాగంతోనే తన కణాలను నిర్మించుకోగలదు. ఒక మోల్ ఏటీపీకి సుమారు 10.5 గ్రాముల జీవద్రవ్యం ఏర్పడుతుందని 1960లో బాచప్, ఎల్స్‌డెన్ చూపారు. తరువాత మెకార్టీ, హైనెన్ తదితరులు గిబ్స్ శక్తి ఆధారంగా కణ దిగుబడిని అంచనా వేసే పద్ధతులు రూపొందించారు. ఒక మోల్ గ్లూకోజు ఆక్సిజన్‌తో పూర్తిగా ఆక్సీకరణం చెందితే సుమారు 2,870 కిలోజౌళ్లు విడుదలవుతాయి. అదే గ్లూకోజు గాలి లేనిచోట మీథేన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారితే లభించేది సుమారు 400 కిలోజౌళ్లే. అందువల్ల కిలో పిండిపదార్థంపై గాలి ఉన్నచోట 400 గ్రాముల వరకు కణాలు పెరిగితే, గాలి లేనిచోట పెరిగేవి 100 గ్రాముల మేరకే. సూక్ష్మజీవికి దక్కని శక్తి మీథేన్‌లో నిలిచి, మనిషికి ఇంధనమవుతున్నది.

దీనినుంచి గరిష్ఠ పరిమితి తేలుతుంది. టన్ను కూరగాయల వ్యర్థంలో ఘనపదార్థం సుమారు 100 కిలోలు. అందులో 80 కిలోలు జీర్ణమయ్యే పిండిపదార్థమే అనుకున్నా, కణాల వాటా పోను లభించే మీథేన్ సుమారు 26 ఘనపు మీటర్లు. 30 శాతం సామర్థ్యం గల జనరేటర్‌తో అది దాదాపు 80 యూనిట్ల విద్యుత్తు. ఐఐసీటీ సాంకేతికతతో నెలకొల్పిన బోయిన్‌పల్లి మార్కెట్ ప్లాంటును ప్రధానమంత్రి 2021 జనవరి 31న ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. అక్కడ రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్లు, అంటే టన్నుకు 50 యూనిట్లు వస్తున్నట్లు నాడు ప్రకటించారు. ఈ సంఖ్య లెక్కకు లోబడే ఉంది. ఇదే రకం వ్యర్థానికి టన్నుకు 150 యూనిట్లని ఎవరైనా హామీ ఇస్తే ఆ ప్రతిపాదనను అక్కడే నిలిపి ప్రశ్నించాలి.

రైతుకు అంతకంటె ముఖ్యమైనది నత్రజని. కణాల పొడి బరువులో అది సుమారు 12 శాతం. 400 గ్రాముల కణాలకు 48 గ్రాముల నత్రజని కావాలి. 100 గ్రాముల కణాలకు 12 గ్రాములు చాలు. కనుక కంపోస్టు కుప్పలో నత్రజని తొలిదశలో సూక్ష్మజీవుల దేహాలలో బంధితమై, తరువాత నెమ్మదిగా విడుదలవుతుంది. బయోగ్యాస్ తొట్టిలో మాత్రం దానిలో పెద్ద భాగం అమ్మోనియం రూపంలో స్లర్రీలో మిగులుతుంది. ఇది పైరుకు త్వరగా అందుతుంది. కాని స్లర్రీని ఎండలో ఆరబెడితే అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. స్లర్రీని కంపోస్టుతో సమానంగా చూపి, ఆరబెట్టి వాడమనే సలహా రైతుకు నష్టమే. దానిని తడిగా, చల్లని వేళ, మట్టిలో కలిసేటట్లు వేయించాలి.

ఈ లెక్కకు హద్దులున్నాయి. ఎంత వస్తుందో చెబుతుంది గాని ఎంత త్వరగా వస్తుందో చెప్పదు. పీచు కరిగే వేగం వేరు విషయం. నూనె, మాంసకృత్తులు అధికంగా ఉన్న వ్యర్థానికి లెక్క తిరిగి వేయాలి. అయినా తొట్టి ఎందుకు చెడుతుందో కూడా శక్తి సూత్రమే వివరిస్తుంది. ప్రొపియోనిక్ ఆమ్లం విచ్ఛిత్తి సాగాలంటే హైడ్రోజన్ పీడనం వాతావరణ పీడనంలో సుమారు పదివేలవ వంతుకు లోబడి ఉండాలి. రంజాన్ నెలలో పండ్ల వ్యర్థాన్ని ఒక్కసారిగా తొట్టిలో నింపితే హైడ్రోజన్ పెరిగి, ఆమ్లాలు పేరుకుని, గ్యాసు నిలిచిపోవచ్చు.

పాతబస్తీకి ఆనుకొనే ఉన్న రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. విద్యార్థులు మండీ వ్యర్థంలో ఘనపదార్థాన్ని, జీర్ణమయ్యే భాగాన్ని, స్లర్రీలో అమ్మోనియంను కొలిచి ఈ అంచనాలతో పోల్చడం ఒక సెమిస్టరు పని. ప్రజాధనంతో తొట్టి కట్టకముందే ఆ పని పూర్తికావడం న్యాయం.